‘న్యాచురల్‌గా ఉంది’ అన్నాక ఇంకేం మాట్లాడాలి?

(విజయవాడ గాంధీనగర్‌లో డిగ్రీ, పీజీ విద్యార్థుల సమావేశంలో ఒక సినిమా అధ్యయన అధ్యాపకురాలు చేసిన ప్రసంగం, చివర్లో ప్రశ్నోత్తరాలతో)

అందరికీ నమస్కారం. ఎండ తగ్గకముందే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇటువైపు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

సినిమా గురించి మాట్లాడటానికి ఇంతకంటే తగిన చోటు ఉండదు. ఈ చుట్టుపక్కల వీధుల్లో ఒకప్పుడు మేడ మేడకీ ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు ఉండేది. రీళ్ల బాక్సులు ఇక్కణ్ణుంచే చుట్టూ ఉన్న జిల్లాల్లోని సెంటర్లకి వెళ్లేవి. 1921లోనే పోతిన శ్రీనివాసరావు గారు మారుతీ సినిమా హాలు పెట్టిన ఊరిది. మార్నింగ్ షో నుంచి బయటికొచ్చే జనం మొహాలు చూసి ఆ సినిమా ఎన్ని వారాలు ఆడుతుందో చెప్పగలిగిన మనుషులు ఈ పేటలో ఉండేవాళ్లు. అలాంటి ఊళ్లో ఎవరైనా ‘సినిమాకి మళ్లీ యూనివర్సిటీ చదువెందుకమ్మా, చూస్తే అర్థం కాదా?’ అని అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ఆ ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు చెప్పడానికే వచ్చాను.

సినిమా చూసినప్పుడు మనకేం జరిగిందో మనందరికీ తెలుసు. ఏడ్చామా, విజిల్ వేశామా, సెకండాఫ్‌లో ల్యాగ్ అనిపించిందా, ఇవన్నీ తెలుసు. అది ఎలా జరిగిందో మాత్రం తెలియదు. మా క్లాసులో కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా ఒక సినిమా వేసి ఎలా ఉందని అడుగుతాను. ఎక్కువమంది చెప్పేది ఒకటే మాట, ‘చాలా న్యాచురల్‌గా ఉంది మేడమ్’ అని. సరే, ఏం చేస్తే అలా అనిపించింది? అక్కడ క్లాసంతా గప్‌చుప్. మా చదువు ఆ నిశ్శబ్దం దగ్గర మొదలవుతుంది. సహజంగా ఉన్న సినిమాలో రూపం, అంటే దాన్ని తీసిన పద్ధతి, లేదనుకుంటాం. కెమెరా పెట్టారు, జీవితం దానంతటదే వచ్చి పడింది అనుకుంటాం. ఉప్పు సరిపోయిన కూరలో ఉప్పు గురించి ఎవరూ మాట్లాడరు చూడండి, అలాగ.

సినిమా పుట్టిన రోజు నుంచే ఈ భ్రమ మనకి ఉంది. 1895 డిసెంబర్ 28న ప్యారిస్‌లో గ్రాండ్ కేఫ్ నేలమాళిగలో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి సినిమాలు చూపించారు. వాటిలో వాళ్ల ఫ్యాక్టరీ కార్మికులు పని ముగించుకుని బయటికొచ్చే దృశ్యం ఒకటి. నిమిషం కూడా ఉండదు. గేటు తెరుచుకుంటుంది, ఆడవాళ్లు, మగవాళ్లు, సైకిళ్లు, ఓ కుక్క, అందరూ చెరోవైపు వెళ్లిపోతారు. ఇంతకంటే అమాయకమైన సినిమా ఉంటుందా అనిపిస్తుంది. కానీ ఆ దృశ్యం మూడు రకాలుగా దొరుకుతోంది. ఒకదాంట్లో ఒంటి గుర్రం బండి, ఒకదాంట్లో రెండు గుర్రాల బండి, ఒకదాంట్లో అసలు బండే లేదు. అంటే ఒకసారి తీసి, మళ్లీ తీసి, మళ్లీ తీశారు. ఈనాటి మాటలో చెప్పాలంటే రీటేక్‌లు. ప్రపంచంలో తొలి ‘ఉన్నది ఉన్నట్టు’ సినిమాకే రీటేక్‌లున్నాయి.

ఇక సిద్ధాంతం సంగతి. తొలితరం సిద్ధాంతకర్తలకి పెద్ద బెంగ ఒకటుండేది. కెమెరా ఒక యంత్రం, ఎదురుగా ఉన్నదాన్ని కాపీ కొడుతుంది, మరి సినిమా కళ ఎలా అవుతుంది? జర్మనీలో రుడాల్ఫ్ ఆర్న్‌హైమ్ 1932లో దీనికి ఒక పుస్తకమే రాసి జవాబిచ్చాడు. తెర చదునుగా ఉంటుంది, నాలుగు అంచులుంటాయి, రంగులుండవు, కాలం మధ్యలో తెగుతుంది. లోకానికీ తెరకీ ఉన్న ఈ తేడాల్లోనే కళ ఉందన్నాడు. రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి మొహాన్ని తీసుకుని, ఏ భావమూ లేని ఆ ఒక్క షాట్‌కే ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక జత చేసి చూపిస్తే, చూసినవాళ్లు ఆకలి ఎంత బాగా నటించాడో, దుఃఖం ఎంత బాగా నటించాడో అన్నారని చెప్తారు. ఐజెన్‌స్టీన్ 1925లో ‘బ్యాటిల్‌షిప్ పొటెంకిన్’లో ఒడెస్సా మెట్ల మీద సైనికులు దిగే దృశ్యాన్ని ముక్కలు ముక్కలుగా కోసి అతికాడు. ఆ మెట్లు నిజంగా దిగడానికి పట్టే సమయం కంటే తెర మీద చాలా ఎక్కువ పడుతుంది. భయం కాలాన్ని సాగదీస్తుందని ఆయన ఎడిటింగ్‌తో చూపించాడు. ఇది మీ సిలబస్‌లో ఎలాగూ ఉంటుంది కాబట్టి దీని దగ్గర ఆగను.

నేను ఆగాలనుకున్నది ఆంద్రే బజాన్ దగ్గర. 1918లో పుట్టిన ఫ్రెంచి మనిషి. బడిపంతులు కావాలని చదువుకున్నాడు. మాట నత్తి వల్ల ఆ ఉద్యోగం రాలేదు. ఆ మనిషే యుద్ధకాలంలో, యుద్ధం తర్వాత సినీ క్లబ్బుల్లో, ఫ్యాక్టరీల్లో కార్మికుల ముందు సినిమాలు వేసి, ఆ నత్తి మాటతోనే గంటల తరబడి వాటి గురించి చెప్పాడు. 1951లో ‘కయే ద్యు సినెమా’ పత్రిక పెట్టినవాళ్లలో ఒకడు. నలభై ఏళ్లకే, 1958లో, లుకేమియాతో చనిపోయాడు. క్లాసురూం దొరకనివాడు ఇవాళ ప్రపంచంలో సినిమా పాఠం చెప్పే ప్రతి క్లాసురూంలోనూ ఉన్నాడు. ఆయన గురించి చెప్పేటప్పుడు ప్రతిసారీ నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

బజాన్ వాదన స్థూలంగా ఇదీ. అతిగా కత్తిరించి అతికించే ఎడిటింగ్ ప్రేక్షకుడికి ‘ఇదిగో ఇది చూడు, ఇప్పుడు ఇది అనుకో’ అని ఆజ్ఞ వేస్తుంది. దానికి బదులు దగ్గరా దూరం రెండూ స్పష్టంగా కనబడేలా, కట్ చేయకుండా పొడుగు షాట్ పెడితే, ఎటు చూడాలో ప్రేక్షకుడే తేల్చుకుంటాడు. లోకంలోని తికమక తెర మీద కూడా మిగులుతుంది. దీనికి ఆయన చూపించిన ఉదాహరణల్లో ఆర్సన్ వెల్స్ 1941లో తీసిన ‘సిటిజన్ కేన్’లోని ఒక షాట్ ఉంది. బాగా ముందు, తెర నిండా, గ్లాసూ నిద్రమందు సీసా. వాటి వెనక చీకట్లో మంచం మీద సూజన్, భారంగా ఊపిరి తీస్తుంటుంది. దూరంగా గది చివర తలుపు, అవతల నుంచి భర్త బాదుతున్నాడు. ఒక్క మాట లేదు, ఒక్క కట్ లేదు. ఆమె విషం తీసుకుందని గ్లాసు చెప్తుంది, ఇద్దరి మధ్యా ఎంత దూరం ఉందో ఆ తలుపు చెప్తుంది. బజాన్ ఈ షాట్‌ని చదివిన తీరు ఎంత బాగుంటుందంటే, అది చదివాక మామూలు సినిమాల్లో కూడా తలుపులు ఎక్కడున్నాయో చూడటం అలవాటైపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ షాట్ ఒక్కసారిగా తీసింది కాదు. అంత దగ్గర వస్తువూ అంత దూరం తలుపూ ఒకే లెన్సుకి అంత స్పష్టంగా అందవు. అదే ఫిల్మ్ మీద ముందు ఒక భాగాన్ని, వెనక్కి తిప్పి ఇంకో భాగాన్ని విడివిడిగా ఎక్స్‌పోజ్ చేశారు. అంటే ట్రిక్ షాట్. వాస్తవికతకి సాక్ష్యంగా పుస్తకాలకెక్కిన షాట్ అది! దీనివల్ల బజాన్ ఓడిపోయాడని నేననుకోను. కళలో వాస్తవం రావాలంటే కల్పన ద్వారానే రావాలని ఇటలీ సినిమాల గురించి రాస్తూ ఆయనే ఒప్పుకున్నాడు. మన గైడ్లలో ఆ ముక్క ఉండదు.

ఇటలీ సినిమా అన్నాం కాబట్టి ‘బైసికిల్ థీవ్స్’ చూద్దాం. 1948, దర్శకుడు విట్టోరియో డి సికా. కథ మీకు తెలుసు, పోస్టర్లు అంటించే ఉద్యోగం వచ్చిన మనిషి సైకిల్ మొదటిరోజే పోతుంది, కొడుకుని వెంటబెట్టుకుని రోమ్ అంతా వెతుకుతాడు. అమెరికా నిర్మాత సెల్జ్‌నిక్ డబ్బు పెడతానన్నాడు, అయితే హీరోగా క్యారీ గ్రాంట్ ఉండాలన్నాడు. డి సికా ఒప్పుకోలేదు. లాంబెర్టో మజ్జోరాని అనే ఫ్యాక్టరీ కార్మికుణ్ణి తీసుకున్నాడు. ఇంతవరకు అన్ని నోట్సుల్లోనూ ఉంటుంది, ‘నాన్ యాక్టర్స్‌ని వాడారు’ అని.

ఆ పిల్లవాణ్ణి ఎలా ఎంచుకున్నాడో మాత్రం నోట్సుల్లో ఉండదు. బజాన్ రాశాడు. డి సికా ఆ పిల్లవాణ్ణి నటించి చూపించమనలేదు, నడవమన్నాడు. పక్కన తండ్రి పొడుగు పొడుగు అంగలు, వాటిని అందుకోవడానికి పిల్లవాడి చిన్న చిన్న అడుగుల పరుగు. ఈ రెండు నడకల మధ్య తేడా ఆయనకి కావాలి. ఈసారి ఆ సినిమా చూసినప్పుడు మొహాలు వదిలేసి కాళ్లు మాత్రమే చూడండి. తండ్రికి ఆశ ఉన్నప్పుడు ఇద్దరి నడకా దాదాపు కలుస్తుంది. కోపం వచ్చినప్పుడు మధ్యలో దూరం పెరుగుతుంది. ఒకచోట వాన పడుతుంటే పిల్లవాడు జారి పడతాడు. తండ్రి చూసుకోడు, ముందుకెళ్లిపోతాడు. తర్వాత వెనక్కి తిరిగి, బట్టలు దులుపుకుంటున్న కొడుకుని ‘ఏమైంది?’ అంటాడు. ‘పడ్డాను!’ అని వాడు విసుక్కుంటాడు. అంతే. దాని మీద మ్యూజిక్ లేదు, క్లోజప్ లేదు. అది అలా జరిగిపోయిన సంఘటనలా ఉంటుంది. కానీ ఆ వాన ఫైరింజన్ గొట్టాలతో కురిపించిన వాన. ఆ సీన్ జరిగే సంత నిండా జనాన్ని పెట్టుకున్నారు. మాటలు కూడా అక్కడ రికార్డు చేసినవి కావు, ఆ కాలపు ఇటలీ సినిమాల్లో చాలావాటిలాగే తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చెప్పించినవి. డబ్బింగ్ ఉంటే రియలిస్టిక్ కాదని మనవాళ్లు అంటుంటారు, అందుకని చెబుతున్నా.

మా క్లాసులో ఈ మాట చెప్తే కొంతమంది పిల్లలు నిరాశపడతారు. మోసం చేసినట్టే కదా మేడమ్ అంటారు. కాదమ్మా. ఆ పిల్లవాడు జారి పడినా తండ్రి గమనించకపోవడం అన్నది ఎంచుకున్న సంగతి. తండ్రి మంచివాడని మనకి తెలుసు. మంచివాడు కూడా బతుకుతెరువు పోయిన రోజున కన్నకొడుకు పడ్డాడని చూసుకోలేడు. ఈ నిజం చెప్పడానికి వాన కావాలి. ఆకాశం నుంచి పడే దాకా యూనిట్ కూర్చుంటే ఆ సినిమా వచ్చేది కాదు.

మన దేశం సంగతికొద్దాం. ఇక్కడ నాకు చాలా ఇష్టమైన పోలిక ఒకటుంది. సత్యజిత్ రాయ్ 1956లో ‘అపరాజితో’ తీశాడు. కాశీలో ఒక ఇల్లు, మధ్యలో పైకి తెరుచుకున్న లోగిలి. ఆ ఇంటి సెట్ కలకత్తా స్టూడియోలో వేశారు. కెమెరామన్ సుబ్రత మిత్ర లైట్లు నేరుగా నటుల మీద వేయకుండా, పైన తెల్ల గుడ్డ కట్టి దాని మీద పడి కిందికి జారేట్టు వేశాడు. ఆకాశం నుంచి లోగిలిలోకి దిగే మెత్తని పగటి వెలుగు అచ్చం వచ్చేసింది. ఆ తర్వాతి ఏడాదే, 1957లో, మద్రాసులో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ ‘మాయాబజార్’కి వెన్నెల తయారుచేశాడు. ‘లాహిరి లాహిరి లాహిరిలో’ పాటలో పడవ మీద, నీళ్ల మీద ఆ వెన్నెల మీకు గుర్తుండే ఉంటుంది. అదీ లైట్లతో చేసిందే. ఒకాయన స్టూడియోలో పగలు చేశాడు, ఒకాయన దీపాలతో రాత్రి చేశాడు. ఒకదాన్ని రియలిజం అన్నాం, ఇంకోదాన్ని ఫాంటసీ అన్నాం. చేతిపనిలో ఇద్దరూ అన్నదమ్ములు. తేడా ఎక్కడుందంటే, మిత్ర వెలుగు తనవైపు చూడొద్దంటుంది, ఆ గదిలో మనుషుల్ని చూడమంటుంది. బార్ట్‌లీ వెన్నెల ముందు నన్ను చూడు, నాలోంచి వాళ్లని చూడు అంటుంది. సినిమా చదువుకున్న పిల్లలు రెండోదాన్ని చిన్నచూపు చూడటం నేను సహించలేను. ఆ వెన్నెల ఎలా చేశారో ఒక పేజీ రాయగలిగినవాడికే రాయ్ పగటి వెలుగు గురించి మాట్లాడే హక్కు ఉంటుంది.

బి. నర్సింగరావు గారి ‘దాసి’ 1988లో వచ్చింది. తెలంగాణలో ఒక దొర గడీలో, 1920ల్లో, కమలాక్షి అనే దాసి బతుకు. ఆమె కడుపులో బిడ్డ దొరదే, ఆ బిడ్డని ఉంచుకునే హక్కు ఆమెకి లేదు. మాటలు తక్కువ, పని ఎక్కువ కనిపించే సినిమా. దానికి అయిదు జాతీయ అవార్డులొచ్చాయి. ఉత్తమ నటిగా అర్చన, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్, ఇంకా కళాదర్శకత్వానికి చిత్రకారుడు వైకుంఠం, దుస్తులకి సుదర్శన్, ఉత్తమ తెలుగు చిత్రం. కళాదర్శకత్వం, దుస్తులు! ఉన్నది ఉన్నట్టు తీశారని మనం మెచ్చుకునే సినిమాలో గోడ రంగూ, చీర ముడతలూ ఎవరో రాత్రింబవళ్లు కూర్చుని ఆలోచించినవి. ఆ పని కంటికి కనబడకపోవడమే వాళ్ల గొప్ప. దాన్ని వెతికి పట్టుకోవడం విద్యార్థి పని.

ఇక్కడ మన ప్రాంతం వాళ్లం ప్రత్యేకంగా ఆలోచించాల్సిన విషయం ఒకటుంది, దీని మీద కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను. మనది కృష్ణా, గుంటూరు. దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో హీరో మాట్లాడిన భాష ఇంచుమించు మన జిల్లాల్లో చదువుకున్నవాళ్ల భాష. అందుకే ఆ మాట మన చెవికి ‘మామూలుగా మాట్లాడినట్టు’ ఉంటుంది. అదే సినిమాలో శ్రీకాకుళం యాస వచ్చిందంటే పక్కన కామెడీ ఉండేది, తెలంగాణ యాస వచ్చిందంటే రౌడీయో, పనివాడో ఉండేవాడు. ఆదిలాబాద్‌లోనో టెక్కలిలోనో టికెట్టు కొనుక్కుని కూర్చున్న మనిషికి ఆ హీరో ఎంత సహజంగా వినిపించి ఉంటాడు? మనం సహజం అని కొట్టిపారేసిన చోట ఎవరి బతుకో నవ్వులపాలవుతోంది. ఎవరి మాట మామూలు, ఎవరి మాట యాస అన్నది తేలాకే కెమెరా ఆన్ అవుతుంది. రూపం అంటే కట్‌లూ ట్రాలీలే అనుకోకండి, ఇదీ రూపమే.

‘బైసికిల్ థీవ్స్’ వచ్చిన ఏడాదే, 1948లో, ఇటలీలోనే విస్కోంటి అనే దర్శకుడు ‘లా తెర్రా త్రేమా’ తీశాడు. సిసిలీలో ఆచి ట్రెజ్జా అనే జాలరి పల్లె. నటించింది ఆ పల్లె జాలర్లే, మాట్లాడింది వాళ్ల సిసిలీ భాషే. సిసిలీలో పేదల భాష ఇటాలియన్ కాదని సినిమా మొదట్లోనే తెర మీద రాసి చెప్పాడు. మిగతా ఇటలీ వాళ్లకి అర్థం కాక, ఇటాలియన్‌లో వ్యాఖ్యానం పెట్టాల్సొచ్చింది. రోమ్ ప్రేక్షకుడికి ఆ ఇబ్బంది కలగడం నాకు చాలా విలువైన సంగతిగా అనిపిస్తుంది. మనదగ్గర గౌతమ్ ఘోష్ ‘మాభూమి’ తీసినప్పుడు తెలంగాణ మాట కథ నడిపే మాట అయింది. అది తీసిన దర్శకుడు బెంగాలీ అన్నది కూడా గుర్తుపెట్టుకోండి. మన భాష మామూలు భాష అన్న అలవాటు ఆయన చెవికి లేదు.

2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ మీలో చాలామంది చూశారు. చూడనివాళ్లు క్షమించాలి, ముగింపు చెప్పక తప్పదు. వెంకటేష్ మహా దర్శకుడు. విశాఖలో కంచరపాలెం వీధులు, ఎక్కువమంది ఆ వీధుల మనుషులే నటులు, అక్కడి మాట. రివ్యూలన్నీ ‘జీవితాన్ని చూసినట్టుంది’ అన్నాయి. నిజమే. అయితే దాని నిర్మాణం చూడండి. బడిపిల్లాడి కథ, కుర్రాడి కథ, వైన్ షాపులో పనిచేసేవాడి కథ, యాభైకి దగ్గరపడ్డా పెళ్లికాని అటెండర్ కథ. నాలుగూ పక్కపక్కన నడుస్తుంటే ఒకే ఊళ్లో ఒకే కాలంలో నలుగురి కథలని మనం నమ్ముతాం. చివరికి నాలుగూ ఒక్క మనిషి జీవితమే. మనల్ని నమ్మించింది ఎవరు? ఏ పాత్రా అబద్ధం ఆడలేదు. ఒక కథ నుంచి ఇంకో కథకి కట్ చేస్తే అవి ఒకేసారి జరుగుతున్నాయనుకోవడం మన అలవాటు. శతాబ్దం కిందట అమెరికా దర్శకుడు గ్రిఫిత్ కాలం నుంచి సినిమా మనకి నేర్పిన అలవాటది. దర్శకుడు ఆ అలవాటుని వాడుకున్నాడు. సహజమైన మొహాలు, సహజమైన వీధులు లేకపోతే ఆ ఎత్తు పారేది కాదు, ఎందుకంటే ఇంత మామూలు సినిమాలో ఎత్తు ఉంటుందని మనం అనుకోం. రియలిజమూ రూపమూ రెండు వేర్వేరు చాప్టర్లు కావని చెప్పడానికి ఇంతకంటే మంచి తెలుగు ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇంక యూనివర్సిటీల గురించి నాకున్న బాధ చెప్పుకోవాలి. సినిమా చాలాచోట్ల ఇంగ్లీషు ఎం.ఏ.లోనో జర్నలిజంలోనో ఒక ఆప్షనల్ పేపరు. ప్రశ్న ఇలా వస్తుంది, ‘నియో రియలిజం లక్షణాలను వివరింపుము’. ఇందాక చెప్పిన డి సికా, విస్కోంటి సినిమాల ధోరణికి పేరది. జవాబు అందరిదీ ఒకటే. లొకేషన్ షూటింగ్, నాన్ యాక్టర్స్, పేదల జీవితం, ఓపెన్ ఎండింగ్. నాలుగు పాయింట్లు, పూర్తి మార్కులు. ఒక్క సినిమా చూడకుండా రాయొచ్చు, రాస్తున్నారు కూడా. పిల్లల్ని నేను తప్పుపట్టను, ప్రొజెక్టర్ లేని క్లాసులో సినిమా పేపరు చెప్తున్నాం. నా చేతిలో ఉంటే ఆ ప్రశ్న తీసేసి, పరీక్ష హాల్లోనే మూడు నిమిషాల సీన్ రెండుసార్లు వేసి, ఏం చూశారో, ఏం విన్నారో రాయమంటాను. కథ చెప్పకూడదు, బాగుంది బాగాలేదు అనకూడదు. కెమెరా ఎవరి కళ్ల ఎత్తులో ఉంది? కట్ మాట ముగిశాక పడిందా, మాట మధ్యలో పడిందా? మాట్లాడేవాళ్ల మొహం చూపించారా, వినేవాళ్ల మొహమా? ఇవి రాశాక అభిప్రాయం రాయండి, అప్పుడది మీ సొంతం.

ఇంట్లో చేసుకోవాలంటే ఆ సీన్ ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. తర్వాత ఫోన్ బోర్లా పెట్టి వినండి. రెండోది ఎవరూ చేయరు. రేపల్లె దగ్గర పుట్టి, గుంటూరులో చదువుకున్న కె. విశ్వనాథ్ గారు దర్శకుడు కాకముందు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో పనిచేశారు. ఆ సంగతి తెలిశాక ఆయన సినిమాల్లో గజ్జెల చప్పుడు, నీళ్ల చప్పుడు ఎంత దూరం నుంచి వస్తున్నాయో వినడం మొదలుపెట్టాను. ఆర్.ఆర్., అంటే నేపథ్య సంగీతం, దాని కింద ఏ చప్పుళ్లు అణిగిపోయాయో కూడా వినబడుతుంది. పుణెలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, ఫిల్మ్ ఆర్కైవ్ కలిసి నడిపే అప్రిసియేషన్ కోర్సు గురించి కూడా తెలుసుకోండి, వీలైతే వెళ్లండి.

నేను చెప్పాలనుకున్నది అయింది. ప్రశ్నలుంటే అడగండి.

ఒక విద్యార్థి: మేడమ్, మరి మాస్ సినిమాల్లో రియలిజం ఉండదు కదా. వాటిలో చదవడానికి ఏముంటుంది?

రియలిజం లేనిచోట రూపం ఇంకా బాగా కనబడుతుంది నాన్నా, చదవడం తేలిక. హీరో ఎంట్రీ తీసుకో. ముందు కారు, తర్వాత బూట్లు, తర్వాత వీపు, చెయ్యి, చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు, అన్నిటికంటే చివర హీరో మొహం. ఎందుకంత ఆలస్యం? హాల్లో కాగితాలు ఎగరడానికి టైమివ్వాలి. డైలాగ్ తర్వాత ఖాళీ వదిలేది కూడా విజిల్ కోసమే. అంటే ఆ సినిమా ప్రేక్షకుడి చప్పుడుని లెక్కలో వేసుకుని ఎడిట్ చేసింది. ఇంట్లో ఒంటరిగా చూస్తే అది సాగినట్టనిపిస్తుంది, ఎందుకంటే నీ వంతు చప్పుడు నువ్వు చేయలేదు. ఎస్.వి. శ్రీనివాస్ గారు తెలుగు స్టార్లు, అభిమానుల మీద పుస్తకాలే రాశారు, 2009లో వచ్చిన ‘మెగాస్టార్’ చదువు. సీరియస్ చదువంటే ఎలా ఉంటుందో తెలుస్తుంది.

ఇంకొకరు: ఈ చదువుతో ఉద్యోగాలొస్తాయా మేడమ్?

సూటిగా చెప్తాను. సినిమా థియరీ అన్న పేరుతో ఉద్యోగ ప్రకటనలు మనదగ్గర చాలా తక్కువ. బోధన, ఆర్కైవ్‌లు, సబ్‌టైటిల్స్, స్క్రిప్టు చదివే పని, రాత, వీటిలో ఈ చదువు పనికొస్తుంది. పక్కన ఇంకో నైపుణ్యం కూడా పెట్టుకో, ఎడిటింగ్ అయితే మరీ మంచిది. ఇంట్లోవాళ్లకి కూడా ఇదే చెప్పు, దాచొద్దు.

ఒక విద్యార్థిని: నేను గుంటూరు మిర్చి యార్డులో హమాలీల మీద డాక్యుమెంటరీ తీస్తున్నాను మేడమ్. మీరు చెప్పినవన్నీ కథల సినిమాలు. డాక్యుమెంటరీ అయితే మొత్తం నిజమే కదా? వాళ్లని ‘ఇంకోసారి చేయండి’ అని అడగొచ్చా?

మంచి ప్రశ్న అమ్మా, అందరూ వినండి. ఫ్లాహర్టీ 1922లో ‘నానూక్ ఆఫ్ ద నార్త్’ తీశాడు, ఆర్కిటిక్ మంచులో ఇనుయిట్ కుటుంబం మీద. డాక్యుమెంటరీకి మూలపురుషుడంటారు. నానూక్ అసలు పేరు నానూక్ కాదు. అప్పటికే వాళ్లు తుపాకులతో వేటాడుతుంటే, పాతకాలం ఈటెలతో వేటాడమన్నాడు. మంచు ఇంట్లో కెమెరా పట్టదు, వెలుగు చాలదు. అందుకని పెద్ద ఇల్లు కట్టించి ఒక పక్క తెరిచిపెట్టారు. ఆ చలిగాలిలోనే ఆ కుటుంబం నిద్ర లేచినట్టు చేసింది. బజాన్ మాత్రం అందులో సీల్ వేట సీన్ని మెచ్చుకున్నాడు. వేటగాడు, మంచులో కన్నం, సీల్, మూడూ ఒకే షాట్‌లో ఉన్నాయి, కట్ చేసుంటే ఆ ఎదురుచూపు పోయేదన్నాడు. ఆ సీల్ ముందే చచ్చినదని తర్వాత పరిశోధకులు చెప్పారు. అయినా బజాన్ చెప్పిన మాట షాట్ గురించి ఇప్పటికీ సరైనదే. ఫ్లాహర్టీ ఆ కుటుంబంతో చేయించిన దాని గురించి మన అభ్యంతరమూ సరైనదే. రెండూ కలిపి పట్టుకోవాలి.

నీ సంగతికొస్తే, అడగొచ్చు. కానీ మిర్చి బస్తా బరువుకి మొదటి టేక్, రెండో టేక్ అని తేడా ఉండదు, ఆ ఘాటుకి దగ్గూ ఆగదు. కాబట్టి ముందు వాళ్ల పని వేళ తెలుసుకో. లారీ లోడయ్యే టైములో ఆపకు, వాళ్ల కూలి పోతుంది. రెండోసారి మోయించావంటే ఆ బస్తాకీ కూలి ఇవ్వు. అడిగి చేయించిన షాట్ ఏదో, దానంతటది జరిగింది ఏదో నీ నోట్సులో రాసుకో, ఎడిటింగ్‌లో కూర్చున్నప్పుడు గుర్తుండదు. మాటలు రికార్డు చేసేటప్పుడు వాళ్ల మాటని సర్దకు, కింద అక్షరాలు వేసేటప్పుడు కూడా వాళ్లన్నట్టే రాయి. రఫ్ కట్ అయ్యాక యార్డు సెలవు రోజు చూసుకుని ముందు వాళ్లకే వేసి చూపించు. ప్రొజెక్టర్ దొరక్కపోతే నాకు చెప్పు, మా డిపార్ట్‌మెంట్‌ది నేను తెస్తాను.